చలికాలంలో ఆర్కిడ్ ఆకులు పండి రాలిపోతుంటే... మూడు చలికాలాల నా అనుభవం

మాది శ్రీకాకుళం. నాగావళికి దగ్గర్లోనే ఇల్లు. మేడ మీద దక్షిణం వైపు చిన్న వరండా, దాని ముందు కొంచెం ఖాళీ డాబా. వరండా సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగిన దాంట్లో ఆ దక్షిణపు ఎండకీ పాత్ర ఉంది.

మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. 2022 మే నెలలో సిక్కిం నుంచి సెలవు మీద వస్తూ గ్యాంగ్‌టక్‌లో ఒక నర్సరీలో రెండు ఆర్కిడ్లు కొన్నాడు. తడి కాగితం చుట్టి, అట్టపెట్టెకి కన్నాలు పెట్టి, ఒకటిన్నర రోజు ప్రయాణంలో ఎక్కడా పడెయ్యకుండా తెచ్చాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగగానే బ్యాగు కన్నా ముందు ఆ పెట్టె నా చేతికిచ్చి, "అక్కా, జాగ్రత్త, ఇది డెండ్రోబియం నోబైల్, సిక్కిం వాళ్ళ రాష్ట్ర పువ్వు ఇదే. రెండోది ఫాలనాప్సిస్" అన్నాడు. ఆ పేర్లు నాకు నోరు తిరగడానికే వారం పట్టింది. నోబైల్‌కి చెరుకుగడల్లా కణుపులు కణుపులుగా ఆరు కాడలు, కాడ పొడవునా అటూ ఇటూ ఆకులు. ఫాలనాప్సిస్‌కి కాడే లేదు, మధ్యలో మొవ్వు, దాని చుట్టూ అరచెయ్యంత దళసరి ఆకులు నాలుగు. అమ్మ రెండింటినీ చూసి "ఇవి బదనికలు కదే, మన ఊళ్ళో మామిడిచెట్ల మీద ఉండేవి ఇలాగే" అంది. అమ్మ మాట సగం నిజం. ఈ రకం ఆర్కిడ్లు కూడా చెట్టు మీదే బతుకుతాయి, కాకపోతే బదనికలా చెట్టు రసం పీల్చవు. వాటి వేర్లు బెరడుని పట్టుకుని, వాన నీటినీ గాలిలో తేమనీ పీల్చుకుంటాయి. ఈ ఒక్క సంగతీ మొదటి ఏడాదే మనసుకి పట్టి ఉంటే నేను అంత నష్టపోయేదాన్ని కాదు.

వానాకాలమంతా రెండూ బ్రహ్మాండంగా పెరిగాయి. నోబైల్ రెండు కొత్త కాడలు వేసింది. దీపావళి వెళ్ళి మూడు వారాలయిందో లేదో, పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్తే నోబైల్ పాత కాడ మీద కింది ఆకు లేత నిమ్మపండు రంగులోకి తిరిగి ఉంది. మర్నాటికి ఇంకోటి. వారంలో ఆ కాడ మొత్తం పసుపు. పక్క కాడ కూడా మొదలైంది. చెయ్యి తగిలితే చాలు, టక్కున ఊడి కింద పడేది. నాకు ఒకటే టెన్షన్. వాడు అంత దూరం నుంచి తెస్తే నేను ఆరు నెలలు కూడా నిలబెట్టలేకపోయానన్న బాధ.

అప్పుడు నేను చేసినదంతా తప్పే. ఆకు పసుపురంగుకి తిరిగితే బలం చాలలేదనుకుంటాం కదా, ఎరువుల షాపుకి వెళ్ళి ఫోటో చూపించాను. నత్రజని లోపమన్నారు. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉండే 19:19:19 ఎరువు పొడి ప్యాకెట్ ఇచ్చారు. అది తెచ్చి వారానికి రెండుసార్లు నీళ్ళలో కలిపి పోశాను. చలికి ఎండిపోతోందేమోనని పొద్దునా సాయంత్రమూ నీళ్ళు. రాత్రి మంచు పడుతుందని రెండు కుండీలనీ వరండాలో గోడ వారకి జరిపి, చుట్టూ పాత దుప్పటి కట్టాను. అంటే గాలి కూడా ఆడనివ్వలేదు. వరి, మిరప మొక్కలు చూసేవాళ్ళకి నత్రజని మాట సహజంగా వస్తుంది, షాపాయన్ని అనడానికేం లేదు. ఏ మొక్క, ఏ ఆకు, ఏ కాలం అని అడగాల్సింది నేను.

సంక్రాంతికి నోబైల్ దాదాపు బోడి అయిపోయింది. ఆరు పాత కాడల మీద ఒక్క ఆకు లేదు. కానీ పై కణుపుల దగ్గర చిన్న చిన్న బుడిపెలు లేచాయి. మొగ్గలే అనుకుని అందరికీ ఫోన్ చేసి చెప్పాను. పదిహేను రోజుల్లో ఆ బుడిపెలు ఆకులు విప్పాయి. మొగ్గలు కావు, పిలకలు. చలికాలంలో విశ్రాంతిగా, పొడిగా ఉండాల్సిన మొక్కకి నీళ్ళూ నత్రజనీ దండిగా అందితే పూలు పుట్టాల్సిన కణుపులోంచి ఇలా పిల్లమొక్కలు వస్తాయని తర్వాత తెలిసింది. మొత్తం ఐదు పిలకలు. ఆ ఏడాది ఒక్క పువ్వు లేదు.

ఫాలనాప్సిస్ సంగతి ఇంకా ఘోరం. మొదట అట్టడుగు ఆకు ఒకటి పసుపురంగుకి తిరిగింది. అదొక్కటే అయితే భయపడక్కర్లేదు, వయసైపోయిన ఆకు అలా ఒక్కోటీ పోవడం దానికి మామూలే. కానీ వెంటనే దాని మీదది, ఆ మీదది కూడా. అవి నోబైల్ ఆకుల్లా శుభ్రంగా ఊడలేదు. మెత్తగా వేలాడిపోయి, ముడతలు పడి, ఆకు మొదలు దగ్గర పసుపు కాస్తా గోధుమ రంగులోకి దిగి, ముట్టుకుంటే చల్లగా తడితడిగా ఉండేవి. ముడతలు చూసి నీళ్ళు చాలలేదనుకుని ఇంకో చెంబు పోసేదాన్ని.

ఫిబ్రవరిలో ఒకరోజు ధైర్యం చేసి కుండీలోంచి మొక్కని తీశాను. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది, చెరువు అడుగున బురద కెలికితే వచ్చే వాసన. వేర్లు గోధుమ రంగులో, నొక్కితే లోపల ఏమీ లేకుండా అణిగిపోతున్నాయి. ఒకదాన్ని వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగితే పైతొడుగు మొత్తం జారి నా చేతికొచ్చింది, లోపల సన్నటి దారం లాంటిది మాత్రం మొక్కకి వేలాడుతూ మిగిలింది. ఆ తొడుగే ఆర్కిడ్ వేరుకి స్పాంజి. ఎండినప్పుడు వెండి రంగులో తెల్లగా ఉంటుంది, నీళ్ళు పడగానే పీల్చుకుని పచ్చగా అవుతుంది. మళ్ళీ తెల్లబడే దాకా నీళ్ళు అక్కర్లేదని ఆ వేరు తనే చెప్తుందన్నమాట. నేను దాన్ని మూడు నెలలు ఒక్కసారి కూడా తెల్లబడనివ్వలేదు. నిరంతరం తడిలో ఉంటే వేరుకి గాలి అందదు, కుళ్ళుతుంది. వేరు కుళ్ళితే కుండీ నిండా నీళ్ళున్నా ఆకుకి చుక్క అందదు. అందుకే ఆ ముడతలు. దాహంతో ఉన్న ఆకూ, వేరు కుళ్ళిన మొక్క ఆకూ పైకి ఒకేలా కనిపిస్తాయి. కుండీలోంచి తీసి చూస్తేనే తేడా తెలుస్తుంది.

కత్తెరని మంట మీద కాల్చి, కుళ్ళిన వేర్లన్నీ కత్తిరించాను. గట్టిగా ఉన్నవి మూడే మిగిలాయి. కోసిన చోట్ల దాల్చినచెక్క పొడి అద్దాను, మంచి వేర్లకి తగలకుండా, ఎందుకంటే అది వేరుని బాగా ఎండబెట్టేస్తుంది. రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, పక్కలకి కూడా కన్నాలున్న మట్టికుండీలో అడుగున బొగ్గులు, పైన పెద్ద పెద్ద కొబ్బరి పీచు ముక్కలు వేసి పెట్టాను. పీచు కొబ్బరితోటలుండే ఉద్దానం వైపు చుట్టాలింటి నుంచి తెచ్చుకున్నదే. దాన్ని రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఎర్రటి రంగు దిగాక వాడాను. ముందున్న కుండీలో సన్నటి పీచు పొడి ఉండేది, మన సముద్రపు గాలి తేమకి అది వారం దాటినా ఆరేది కాదు.

మిగిలిన ఒక్క ఆకు మీద కూడా తెల్లగా కాలిన మచ్చ ఒకటి ఉండేది, ఆకు వంపు తిరిగే చోట, రూపాయి బిళ్ళంత. తెగులనుకున్నాను. ఒకరోజు పదకొండు గంటలకి వరండాలో నిలబడితే అర్థమైంది. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి దక్షిణపు వరండాలోకి ఎండే రాదు. మార్గశిరం, పుష్యంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఎండ ఏటవాలుగా లోపలికి తన్నుకొస్తుంది, సరిగ్గా ఆ ఆకు మీద పడుతోంది. ముట్టుకుంటే ఆకు వేడిగా ఉంది. చలికాలం ఎండ మనకి హాయిగా ఉంటుంది గానీ ఆరు నెలలు నీడలో ఉన్న ఆకు ఒక్కసారిగా తట్టుకోలేదు. ఆ మధ్యాహ్నమే షేడ్ నెట్ కట్టాను.

నోబైల్ విషయంలో మాత్రం కళ్ళు తెరిపించింది అమ్మే. నేను రాలిన ఆకులు ఏరుకుంటూ బాధపడుతుంటే ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది తెగులు కాదే, పండుటాకు. పండింది, రాలింది. మన కంద మొక్క ఏటి చేస్తాది? చలికాలం వచ్చీసరికి ఆకు పండి పడిపోదా? పసుపు మొక్క పండదా? అలాగని నీళ్ళు పోస్తామా? దుంపలోకి దిగిపోనాది సారమంతా" అంది.

అమ్మ పుట్టిల్లు నరసన్నపేట దగ్గర పల్లెటూరు, పెరట్లో కందా పసుపూ పెంచిన మనిషి. ఆ మాట విన్నాక నేను రాలిన ఆకుల్ని మళ్ళీ చూశాను. నోబైల్ ఆకు ఊడిన చోట కోసినట్టు సన్నటి గీత. తడి లేదు, నలుపు లేదు, వాసన లేదు. ఆకు మొదలు కాడని చుట్టుకుని ఉండే తొడుగు మాత్రం అక్కడే ఉండిపోయి, ఉల్లిపొరలా తెల్లగా ఎండింది. కాడ గట్టిగానే ఉంది. ఫాలనాప్సిస్ ఆకుని లాగితే మొదలంటా చిరిగి వచ్చింది. ఒకటి పండిన ఆకు, ఇంకోటి కుళ్ళిన ఆకు. రెండూ పసుపే. నేను రంగు మాత్రమే చూశాను.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే, వాళ్ళ యూనిట్ దగ్గర టీకొట్టు నడిపే ఆవిడ పాత డబ్బాల్లో నోబైల్ పెంచుతుందనీ, అడిగి చెప్తాననీ అన్నాడు. రెండు రోజులకి చెప్పాడు. "అక్కా, ఆవిడ వానలు ఆగిపోయాక నీళ్ళే పొయ్యదట. చూరు కింద వెలుగు బాగా తగిలే చోట వేలాడదీసి మార్చి దాకా వదిలేస్తుందట. ఆకులన్నీ పోయాకే పూలట."

తర్వాత నేను చదివి తెలుసుకున్నది కూడా ఈ రెండు మాటలకే సరిపోయింది. నోబైల్ పుట్టింది హిమాలయాల కింది కొండల్లో. అక్కడ వానలు ఆగాక చలికాలమంతా పొడి. చెట్టు కొమ్మ మీద ఉన్న మొక్కకి తవ్వుకుని తాగడానికి మట్టి లేదు. ఆకులుంటే వాటిలోంచి నీరు ఆవిరైపోతుంది. అందుకని చలి, పొడి మొదలవగానే పాత ఆకుల్లోని పచ్చరంగుని విడగొట్టి, నత్రజని, మెగ్నీషియం లాంటివి వెనక్కి లాక్కుంటుంది, కాడలో దాచుకుంటుంది. పచ్చదనం పోయాక ఆకులో ముందు నుంచీ ఉన్న పసుపు పైకి కనిపిస్తుంది. అంతా లాగేసుకున్నాక ఆకు మొదట్లో సన్నటి తెర లాంటి పొర కట్టి ఆకుని వదిలేస్తుంది, అందుకే ఆ శుభ్రమైన గీత. మన గుళ్ళలో దేవగన్నేరు చెట్టు చలికాలంలో బోడిగా నిలబడదూ, అలాగే. ఫాలనాప్సిస్‌ది వేరే కథ. అది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు వెచ్చటి అడవుల మొక్క, చలికాలమంటే ఏమిటో ఎరగదు, దాచుకోవడానికి కాడ కూడా లేదు, ఆ దళసరి ఆకులే దాని నీళ్ళ కుండ. కాబట్టి దాని ఆకులు వరసపెట్టి పసుపురంగుకి తిరిగితే అది కాలధర్మం కాదు, ఆపదే.

ఇంకో మాట. మా ఊళ్ళో డిసెంబరు, జనవరి రాత్రుల్లో నా దగ్గరున్న చిన్న థర్మామీటర్ 16, 17 డిగ్రీల కంటే కిందికి చూపించలేదు. ఫాలనాప్సిస్‌కి చలితో దెబ్బ తగలాలంటే ఇంకా బాగా దిగాలి. అంటే నా ఫాలనాప్సిస్‌ని చంపబోయింది చలి కాదు, చలికాలంలో ఆరని తడి. మన కోస్తాలో ఎవరైనా చలికి ఆకులు పోతున్నాయి అంటే నేను ముందు వేరు చూడమనే చెప్తాను. ఎండాకాలం మూడు రోజులకి ఆరే కుండీ డిసెంబరులో ఎనిమిది రోజులు తీసుకుంటుంది. చెయ్యి అలవాటు మాత్రం మూడు రోజులకే చెంబు ఎత్తుతుంది.

రెండో చలికాలానికి ముందు ఇంకో పని చేశాను. మా పెద్దమ్మ కూతురు అరకులో టీచరు. 2023 ఏప్రిల్‌లో నోబైల్‌ని రెండుగా విడదీసి, సగం అక్కకి ఇచ్చాను. పిలకల్లో మూడింటిని వేర్లు రెండంగుళాలు పెరిగాక కాడ నుంచి తీసి చిన్న కుండీల్లో పెట్టాను. ఎరువు సెప్టెంబరుతో ఆపేశాను. అక్టోబరు చివరి నుంచి నీళ్ళు తగ్గిస్తూ వచ్చి నవంబరు మధ్యలో పూర్తిగా మానేశాను. ఆకులు మళ్ళీ పండాయి, రాలాయి. ఈసారి చూస్తూ ఊరుకోవడమే పని, కానీ ఏమీ చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రెండు నెలల్లో తెలిసింది. కాడలు కొంచెం ముడతలు పడ్డాయి, సన్నగా నిలువు గీతలు తేలాయి. రోజూ చూసేదాన్ని, చెంబు దాకా చెయ్యి వెళ్ళేది. ముడత మరీ ఎక్కువైనప్పుడు మాత్రం రెండు వారాలకోసారి పొద్దున్నే కాసిన్ని నీళ్ళు చిలకరించాను. డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వానలు పడితే అర్ధరాత్రి లేచి కుండీలన్నీ లోపలికి తెచ్చాను. మన వైపు ఇదొక చిక్కు, చలికాలం మొదట్లోనే వాయుగుండాలు వస్తాయి. మొక్క విశ్రాంతికి వెళ్ళే వేళకి నాలుగు రోజుల ముసురు పడుతుంది.

2024 మార్చిలో అక్క ఫోటో పంపింది. అరకులో ఆకుల్లేని మూడు కాడల మీద పైనుంచి కింద దాకా కణుపుకి రెండేసి పూలు, అంచులు ఊదారంగు, మధ్యలో ముదురు మచ్చ. ఆ ఫోటోని తమ్ముడికి పంపితే వాడు టీకొట్టు ఆవిడకి చూపించాడట. ఇక్కడ నా దగ్గరున్న సగం మాత్రం ఒక్క పువ్వు పుయ్యలేదు. ఆకులు అక్కడా రాలాయి, ఇక్కడా రాలాయి. ఒకే మొక్క, ఒకే నెలలో నీళ్ళు ఆపాం. తేడా రాత్రి చలి. అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ చలికాలం రాత్రులు పది డిగ్రీల లోపుకి కూడా దిగుతాయి. ఆకు రాలడానికి పొడి, కాస్త చలి చాలు. మొగ్గ కట్టడానికి మాత్రం కొన్ని వారాల పాటు గట్టి చలి రాత్రులు కావాలి. ఆకులు రాలాయి కాబట్టి పూలు వచ్చేస్తాయని నేను అనుకున్నది అక్కడ తప్పింది.

కాడలు బోడిగా ఉన్నాయని కత్తిరించెయ్యమని ఎదురింటి మామ్మగారు చాలాసార్లు అన్నారు. పొరపాటున కూడా ఆ పని చెయ్యకండి. పూసేది ఆ బోడి కాడ మీదే. పువ్వు రాకపోయినా కొత్త మొలకకి తిండి ఆ కాడలోంచే వెళ్తుంది. కాడ పూర్తిగా గోధుమ రంగుకి తిరిగి గుల్లయిపోయినప్పుడే తీసెయ్యాలి.

కడియం నర్సరీల మొక్కల బండి వచ్చినప్పుడు కొన్న ఇంకో డెండ్రోబియం కూడా ఉంది, ఫాలనాప్సిస్ పూలలాంటి పూలు పూసే రకం. పేరులో డెండ్రోబియం ఉందని దానికీ నీళ్ళు ఆపెయ్యకూడదు. అది వెచ్చటి ప్రాంతపు మొక్క, చలికాలంలో అడుగున రెండు మూడు పాత ఆకులు పండుతాయి, అంతే. దానికి నీళ్ళు తగ్గించాలి గానీ మానకూడదు.

మూడో చలికాలం నోబైల్ కుండీని వరండాలోంచి తీసి డాబా మీద ఉత్తరపు గోడ పక్కన, పైన ఏ కప్పూ లేకుండా ఆరుబయట వేలాడదీశాను. కప్పు కింద కంటే ఆకాశం కింద రాత్రి ఇంకొంచెం చల్లగా ఉంటుంది కదా అని. పొద్దున మంచు పడి కాడలు తడిసినా తొమ్మిదింటికి గాలికి ఆరిపోయేవి. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం లోపలికి తెచ్చాను. జనవరి ఆఖరుకి ఒక కాడ మీద పై నుంచి మూడో కణుపూ నాలుగో కణుపూ ఉబ్బాయి. బియ్యపు గింజంత. అది మొగ్గో పిలకో చెప్పడం ఆ దశలో కష్టం. రోజూ పొద్దున్నే ఫోన్ టార్చి వేసి చూసేదాన్ని. ఫిబ్రవరి 4న రథసప్తమి, అరసవల్లి వెళ్ళి దర్శనం చేసుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చి చీర కూడా మార్చకుండా పైకెళ్ళి చూశాను. నాలుగో కణుపు చివర రెండుగా చీలి పచ్చటి ఆకు మొన తేలింది, అంటే పిలక. మూడోది మాత్రం గుండ్రంగా, చివర కొద్దిగా వంగి, ఊదా ఛాయలో ఉంది.

అది విచ్చుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఒక కణుపు మీద రెండు పూలు. తమ్ముడికి వీడియో కాల్ చేస్తే అక్కడ సిగ్నల్ ఆగిపోతూ వచ్చింది, పువ్వు కనిపించిందో లేదో తెలియలేదు గానీ "చూశానక్కా, చూశాను" అన్నాడు. ఫాలనాప్సిస్‌కి ఇప్పుడు ఐదు ఆకులున్నాయి. అడుగుది ఈ మధ్య పండడం మొదలైంది, ఒక్కటే, మొవ్వులో కొత్త ఆకు వస్తోంది. వేరు చూశాను, గట్టిగా వెండి రంగులో ఉంది. దాన్ని అలాగే వదిలేశాను.